కరుగుతున్న మేరువు

ఉత్తర ధ్రువం దగ్గర సూర్యుడు ఏడాదికి ఒక్కసారే ఉదయిస్తాడు, ఒక్కసారే అస్తమిస్తాడు. మార్చి మూడో వారంలో పైకి వచ్చినవాడు సెప్టెంబరు చివరిదాకా దిగడు. ఆ తరవాత ఆరు నెలలు కనిపించడు. ఆ మంచు మీద ఏ భారతీయుడూ కాలు పెట్టని రోజుల్లోనే మన గ్రంథాలు ఈ సంగతిని రాసుకున్నాయి. మనుషుల ఒక సంవత్సరం దేవతలకు ఒక పగలూ ఒక రాత్రీ అని మనుస్మృతి లెక్కగట్టింది. మేరువు మీద రాత్రింబవళ్లు కలిస్తే ఏడాది అవుతుందని మహాభారతం అరణ్యపర్వంలో ఉంది. సూర్యసిద్ధాంతం ఇంకా వివరంగా చెప్పింది: మేరువు భూగోళం మధ్యగా సాగి రెండు వైపులా పొడుచుకు వచ్చిన పర్వతం, ఉత్తరపు కొన మీద దేవతలు, దక్షిణపు కొన మీద అసురులు, ఒకరికి పగలైతే మరొకరికి రాత్రి. గోళం లెక్క తెలిసినవాళ్లు ధ్రువాన్ని చూడకుండానే దాని పగలు ఎంతో చెప్పగలిగారు. ఆ లెక్క తేల్చిన చోటును వాళ్లు దేవతలకు నివాసంగా ఇచ్చారు.

తెలుగు ఇళ్లలో ఈ భావన పంచాంగంగా బతికే ఉంది. ఉత్తరాయణం దేవతల పగలు, దక్షిణాయనం రాత్రి. ధనుర్మాసం ఆ రాత్రిలో చివరి నెల గనక దేవతల బ్రాహ్మీ ముహూర్తమని పెద్దలు చెబుతారు. తెల్లవారుజామున తిరుప్పావై చదవడం, వాకిట్లో ముగ్గులు, గొబ్బెమ్మలు, ఆఖరుకు సంక్రాంతి అన్నీ ఆ వేకువ చుట్టూ అల్లుకున్నవే. నిజానికి ధ్రువం దగ్గర పగలు మకర సంక్రమణంతో మొదలుకాదు. సూర్యుడు విషువత్తును దాటినప్పుడు, అంటే రెండు నెలలు ఆలస్యంగా, మొదలవుతుంది. సూర్యసిద్ధాంతానికి ఇది తెలుసు. దేవతలకు సూర్యోదయం మేషాదిలో అని అది స్పష్టంగా చెబుతుంది. ఆచారం ఉత్తరం వైపు తిరుగుడును పట్టుకుంది, గణితం ఉదయాన్ని పట్టుకుంది. రెండూ చూసింది మాత్రం ఒకే దిక్కుకు.

ఈ ధ్రువాన్ని దేవతల ఇంటి నుంచి మనుషుల పుట్టింటిగా మార్చే ప్రయత్నం చేసినవాడు బాల గంగాధర తిలక్. 1897లో రాజద్రోహం కింద శిక్ష పడి ఎరవాడ జైలులో ఉన్నప్పుడు ఆయన వేద అధ్యయనం సాగించాడు. మాక్స్ ముల్లర్ పంపిన ఋగ్వేద ప్రతి అక్కడే ఆయన చేతికి అందింది. 1903లో వెలువడిన ‘ది ఆర్కిటిక్ హోమ్ ఇన్ ది వేదాస్’ ఆ చదువుకు ఫలితం. ఉషస్సును గురించిన సూక్తాల్లో కనిపించే సుదీర్ఘమైన వేకువలు, తైత్తిరీయ సంహితలోని ముప్పయి ఉషస్సులు, ఆరు నెలల దేవతల పగలు, ఇవన్నీ ధ్రువ ప్రాంతంలో ఒకప్పుడు నివసించినవాళ్ల జ్ఞాపకాలని ఆయన వాదించాడు. ఆదిమానవుడి పుట్టిల్లు ఉత్తర ధ్రువమేనని బోస్టన్ విశ్వవిద్యాలయ అధ్యక్షుడు విలియం వారెన్ 1885లోనే ఒక పుస్తకం రాశాడు. తిలక్ దాన్ని చదివాడు. ఆయనకు మరో పెద్ద ఆధారం పార్సీల అవెస్తా. అందులోని వెందిదాద్ ప్రకారం ఆర్యుల తొలి భూమిలో పది నెలలు చలికాలం. ప్రాణాంతకమైన శీతాకాలం రాబోతోందని అహుర మజ్దా యిమ రాజును హెచ్చరించి, మనుషులకూ పశువులకూ విత్తనాలకూ ఒక ఆవరణ కట్టమంటాడు. ఆ ఆవరణలో ఉన్నవాళ్లకు ఏడాది ఒక రోజులా గడుస్తుంది.

హైదరాబాద్ అబిడ్స్‌లో లోకమాన్యుడి పేరున్న తిలక్ రోడ్డు మీద ఒక పార్సీ అగ్ని ఆలయం ఉంది. చినాయ్ కుటుంబం కట్టించిన ఆ ఆలయపు మత సంప్రదాయంలో వెందిదాద్ పవిత్ర గ్రంథం. ఇదే రోడ్డులో బొగ్గులకుంట వైపు, 1943లో పుట్టిన సారస్వత పరిషత్తు భవనంలో తెలుగు కావ్యాల మీద ప్రసంగాలు జరుగుతాయి. మేరువును చూడకుండా ఊహించిన సంస్కృతీ, మంచుకాలపు హెచ్చరికను గ్రంథంగా దాచుకున్న సంస్కృతీ, ఆ రెంటినీ కలిపి ధ్రువానికి ముడివేసిన మనిషి పేరూ ఒకే దారి మీద కలిసి ఉండటం ఎవరూ ఏర్పాటు చేసినది కాదు. అయినా ధ్రువం గురించి ధర్మపరమైన ప్రశ్న వేయడానికి తెలుగు నేల మీద ఇంతకన్నా తగిన చోటు దొరకడం కష్టం.

తిలక్ సిద్ధాంతం నిలబడలేదు. భాషాశాస్త్రంలోనూ పురావస్తు పరిశోధనలోనూ దానికి బలం చేకూరలేదు. దేవతల పగలు లెక్కతో కూడా తెలుసుకోదగినదే గనక దాన్ని జ్ఞాపకంగానే తీసుకోవలసిన అవసరమూ లేదు. పైగా అందులో ఒక లోటు ఉంది. అది ఆర్కిటిక్‌ను ఎప్పుడో వదిలి వచ్చిన ఖాళీ ఇల్లుగా చూసింది. ఆ ఇల్లు ఖాళీగా లేదు. ఇనూయిట్లు, సామీలు, నెనెట్లు, చుక్చీలు వేల ఏళ్లుగా అక్కడ బతుకుతున్నారు. నేడు ఆర్కిటిక్ ప్రాంతంలో సుమారు 40 లక్షల మంది ఉంటే వారిలో దాదాపు పదో వంతు మూలవాసులు. ఒక చోటును మన పూర్వులదని గర్వపడి, అక్కడ ఇప్పుడున్నవాళ్ల కష్టం పట్టించుకోకపోతే ఆ గర్వానికి అర్థం లేదు.

ఆ కష్టం ఏమిటో చూడాలి. 1979 నుంచి ఆర్కిటిక్ భూగోళం సగటు కన్నా సుమారు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కిందని 2022లో వెలువడిన లెక్క చెబుతోంది. దీనికి ఒక ముఖ్య కారణం మంచే. తెల్లని మంచు మీద పడిన ఎండలో ఎక్కువ భాగం తిరిగి ఆకాశంలోకి పోతుంది. మంచు కరిగి నల్లని సముద్రం బయటపడితే ఆ ఎండలో చాలావరకు నీటిలోకి ఇంకుతుంది, నీరు వేడెక్కి మరింత మంచును తింటుంది. 1980లలో వేసవి ముగిసే సెప్టెంబరుకు ఆర్కిటిక్ సముద్రం మీద 70 లక్షల చదరపు కిలోమీటర్ల చుట్టూ మంచు మిగిలేది. 2012 సెప్టెంబరులో మిగిలింది 34 లక్షలు. గ్రీన్‌లాండ్ మంచు ఫలకం ఏడాదికి సగటున 27,000 కోట్ల టన్నుల చొప్పున తరుగుతోంది. సముద్రం మీద తేలే మంచు కరిగితే నీటి మట్టం పెద్దగా మారదు. గ్రీన్‌లాండ్ మంచు నేల మీదిది. అది కరిగితే ఆ నీరు బంగాళాఖాతం తీరం దాకా మట్టాన్ని పెంచుతుంది. దక్షిణాన అంటార్కిటికా చుట్టూ సముద్రపు మంచు 2023 ఫిబ్రవరిలో 18 లక్షల చదరపు కిలోమీటర్ల లోపుకు పడిపోయింది. ఉపగ్రహాలు కొలవడం మొదలుపెట్టాక అంత తక్కువ ఎన్నడూ లేదు.

నేల కింద మరో ముప్పు ఉంది. సైబీరియా, అలాస్కా, ఉత్తర కెనడాల్లో వేల ఏళ్లుగా గడ్డకట్టి ఉన్న నేలలో, వాతావరణంలో ఇప్పుడున్న కార్బన్‌కు దాదాపు రెట్టింపు దాగి ఉంది. నేల మెత్తబడే కొద్దీ కుళ్లిన మొక్కల నుంచి అది కార్బన్ డయాక్సైడ్‌గా, మీథేన్‌గా బయటికి వస్తుంది. ఇళ్లు ఒరుగుతాయి, రోడ్లు కుంగుతాయి, పైపులు పగులుతాయి. మంచు తగ్గినచోట నౌకలు పెరుగుతాయి. వాటితో నూనె ఒలికే భయమూ, మసీ పెరుగుతాయి. 1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ నౌక బండను ఢీకొని ఒలికిన చమురు పక్షులను, సముద్రపు ఓటర్లను వేల సంఖ్యలో చంపింది. 2020 మేలో రష్యాలోని నోరిల్స్క్ దగ్గర ఒక ఇంధన ట్యాంకు కూలి సుమారు 20 వేల టన్నుల డీజిల్ బయటపడింది, దానిలో ఎక్కువ భాగం నదుల పాలైంది. చల్లని నీటిలో చమురు త్వరగా విచ్ఛిన్నం కాదు, క్రిములు దాన్ని త్వరగా తినవు. అందుకే మురికి భారీ ఇంధనాన్ని అంటార్కిటికా జలాల్లో 2011 నుంచి నిషేధించారు. ఆర్కిటిక్‌లో ఆ నిషేధం 2024 జులైలో అమల్లోకి వచ్చింది, అదీ 2029 దాకా ఎన్నో మినహాయింపులతో.

అన్నిటికన్నా ఆలోచింపజేసేది విషాల ప్రయాణం. డీడీటీ, లిండేన్, ఎండోసల్ఫాన్ వంటి పురుగుమందులు, పీసీబీల వంటి పారిశ్రామిక రసాయనాలు వేడి ప్రదేశాల్లో ఆవిరై గాలితో లేస్తాయి, చలి తగిలినచోట దిగుతాయి, మళ్లీ ఎండకు లేస్తాయి. ఇలా గెంతుతూ పోయి ఆఖరుకు ధ్రువం చలికి చేరతాయి. అక్కడినుంచి లేచే వేడి లేదు. శాస్త్రజ్ఞులు దీన్ని మిడత గెంతుతో పోల్చారు. నీటి నాచులోకి, చేపలోకి, సీల్ కొవ్వులోకి, ఎలుగుబంటిలోకి, సీల్ మాంసం తినే మనిషిలోకి మెట్టుమెట్టుకూ చిక్కబడుతూ పోతాయి. 1980లలో ఉత్తర క్యూబెక్‌లోని ఇనూయిట్ తల్లుల పాలను పరీక్షిస్తే, ఆ రాష్ట్రపు దక్షిణ భాగపు తల్లుల పాలలో కన్నా పీసీబీలు దాదాపు ఐదు రెట్లు ఎక్కువ తేలాయి. ఫ్యాక్టరీ ఎరగని, పురుగుమందు చల్లని సమాజమది. ఎండోసల్ఫాన్ పేరు తెలుగు రాష్ట్రాల పత్తి రైతుకు బాగా తెలుసు. 2011 మేలో సుప్రీంకోర్టు దాని తయారీని, అమ్మకాన్ని ఆపేదాకా దశాబ్దాల తరబడి చేల మీద చల్లారు. వేడి దేశాల పొలాల నుంచి లేచిన ఆ మందు ఆర్కిటిక్ గాలిలోనూ జంతువుల కొవ్వులోనూ దొరికింది. అదే ఏడాది దాన్ని స్టాక్‌హోమ్ ఒప్పందం నిషేధ జాబితాలో చేర్చడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఇక్కడే అసలు ప్రశ్న మొదలవుతుంది. తాను ఎన్నడూ చూడని, చూడబోని చోటుకు తన మూలంగా కలిగే చెడుగుకు మనిషి ధర్మం దృష్ట్యా బాధ్యుడా?

కాడు అనేందుకు మొదటి కారణంగా దూరాన్ని చూపుతారు. హైదరాబాద్‌లో ఒక్కడు చేసే పనికి, ధ్రువంలో ఒక మంచు ముక్క కరగడానికి సంబంధం చూపగలరా అని అడుగుతారు. ఇప్పుడది లెక్కకు అందింది. ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ వాతావరణంలో కలిస్తే ఆర్కిటిక్‌లో సెప్టెంబరు నాటి మంచు సుమారు మూడు చదరపు మీటర్లు తగ్గుతుందని 2016లో శాస్త్రజ్ఞులు చూపారు. సగటు భారతీయుడి వాటా ఏడాదికి సుమారు రెండు టన్నులు, అంటే ఆరు చదరపు మీటర్ల మంచు. ఒక చిన్న గది నేలంత. నాంపల్లిలో ఏటా జనవరి ఒకటిన నుమాయిష్ మొదలయ్యే ఎగ్జిబిషన్ మైదానం సుమారు 23 ఎకరాలు. ఈ లెక్కన అంత వైశాల్యం గల మంచు మాయం కావడానికి పదిహేనున్నర వేల మంది సగటు భారతీయుల ఒక్క ఏడాది చాలు. నుమాయిష్‌కు ఒక సాయంత్రం వచ్చే జనంలో అది ఒక భాగమే. ఆ మంచు ముక్క ఫలానావాడిదని వేలెత్తి చూపలేకపోవచ్చు. మొత్తంలో వాటా మాత్రం ప్రతివాడికీ ఉంది.

భారతీయ దర్శనాలకు ఈ చిక్కు కొత్తది కాదు. చేసిన పని ఒకచోట, దాని ఫలం ఇంకెక్కడో, ఎప్పుడో. ఈ రెంటినీ కలిపేది ఏమిటని మీమాంసకులు మథనపడి అపూర్వమనే భావన తెచ్చారు. నైయాయికులు అదృష్టం అన్నారు. తెలుగులో ఆ మాట లాటరీ తగలడానికి దిగజారింది గానీ, అసలు అర్థం కంటికి కనపడనిది అని. కర్మకూ ఫలానికీ మధ్య దూరం ఉండటం కర్మను చెరిపేయదన్నదే ఈ దర్శనాలన్నిటికీ ప్రాణం. ఆవిరై లేచిపోయిన పురుగుమందు కనపడదు. కనపడకపోవడం వల్ల అది లేకుండా పోదు.

ఈ దార్శనికులు మరో మాట కూడా చెప్పారు, అది ఇంకా లోతైనది. ఏ సిద్ధాంతంలోనైనా రెండు దోషాలు రాకూడదన్నారు. చేసినవాడికి ఫలం అందకుండా పోవడం కృతహాని. చేయనివాడి నెత్తిన ఫలం వచ్చి పడటం అకృతాభ్యాగమం. బౌద్ధుల క్షణిక వాదాన్ని ఖండించడానికి, ఆత్మ నిత్యమని నిలబెట్టడానికి, ఈశ్వరుడికి పక్షపాతం లేదని చెప్పడానికి ఆచార్యులు ఈ రెండు దోషాలనే పదేపదే ఎత్తిచూపారు. అంటే ఒకడు చేసి మరొకడు అనుభవించే లోకం వారికి నీతి లేని లోకం. అలాంటిది తేలితే ఆ సిద్ధాంతమే తప్పు. ఇనూయిట్ తల్లి పాలలో పీసీబీ అచ్చమైన అకృతాభ్యాగమం. పీసీబీలు తయారుచేసి లాభం తీసుకుని ఆ నష్టం ఎరగకుండా వెళ్లిపోయినవాళ్లది కృతహాని. తార్కికులు వాదంలో కూడా ఒప్పుకోని దాన్ని ఈ కాలం వాస్తవంగా తెచ్చిపెట్టింది.

ఆ తల్లి పూర్వకర్మ అలా ఉందేమో అని ఎవరైనా అనవచ్చు. కర్మ సిద్ధాంతాన్ని ఇలా వాడటం పాత అలవాటే. దీనికి శాస్త్రంలోనే జవాబుంది. బాధపడేవాడి ప్రారబ్ధం ఏదైనా, బాధపెట్టినవాడి పాపం తగ్గదు. దొంగతనానికి గురైనవాడి కర్మ దొంగకు విడుదల పత్రం కాదు. కర్మ సిద్ధాంతం తన పనిని తాను సరిచూసుకోవడానికే. ఎదుటివాడి కష్టానికి వివరణ చెప్పి చేతులు దులుపుకోవడానికి పనికిరాదు.

తెలియక, తప్పక జరిగే హాని సంగతేమిటి? ధర్మశాస్త్రం ఇంటివాడి ముందే ఐదు వధ్యస్థానాలను పెట్టింది. పొయ్యి, సన్నికల్లు, చీపురు, రోకలి, నీళ్ల కుండ. వీటిని పంచసూనలన్నారు. వండుకోకుండా, ఊడవకుండా, నీళ్లు తోడకుండా బతకలేం. చేసిన ప్రతిసారీ చీమో పురుగో నలుగుతుంది. అందుకు ప్రతిగా రోజూ ఐదు యజ్ఞాలు చేయమన్నారు. అందులో భూతయజ్ఞం ముక్కూమొహం తెలియని ప్రాణులకు అన్నం పెట్టడం. బియ్యప్పిండితో ముగ్గు వేస్తే చీమలు తింటాయని అమ్మమ్మలు చెప్పే మాటలో ఉన్నది ఈ యజ్ఞమే.

ఈ సూత్రంలో రెండు విషయాలు గమనించాలి. పొయ్యి వెలిగించవద్దని అది అనదు. బతకడాన్ని నేరం చేయదు. అలాగని తెలియదన్న కారణంతో బాకీ కొట్టేయదు. వండావు గనక బాకీ పడ్డావు, అంతే. కార్బన్ విషయంలో ఇంతకన్నా సరైన కొలత మరో నీతిశాస్త్రంలో దొరకదు. పొయ్యి ఇప్పుడు బొగ్గు విద్యుత్కేంద్రమైంది, చీపురు ఫ్యాక్టరీ గొట్టమైంది, నలిగే చీమ ఎనిమిది వేల కిలోమీటర్ల అవతల ఉంది. మారింది కొలతే. ప్రాయశ్చిత్తం కూడా ఆ కొలతలోనే ఉండాలి. టన్నుల్లో చేసిన హానికి గుప్పెడు బియ్యప్పిండి చాలదు. బొగ్గు తగ్గించడం, వృథా కరెంటు మానడం, ఒక్కరే కారులో తిరగడం తగ్గించుకోవడం ఈ కాలపు భూతయజ్ఞాలు.

అబిడ్స్, నాంపల్లి చుట్టూ ఉన్న మిగతా మతాలూ ఇదే ప్రశ్నను తమ దారుల్లో ఎదుర్కొన్నాయి. నాంపల్లిలో యూసుఫైన్ దర్గా ఉంది. గోల్కొండ ముట్టడి నాటి ఔరంగజేబు సైన్యంలోని ఇద్దరు సాధువుల సమాధులు అక్కడివి. ఇస్లామీయ ధర్మశాస్త్రానికి ధ్రువం ఒక నిజమైన సమస్య అయింది. ఆరు నెలలు పొద్దు కుంకని చోట ఐదు నమాజులు ఎలా? రంజాన్ ఉపవాసం ఎప్పుడు విడవాలి? ఏడాదంత పొడవైన ఒక రోజు వస్తుందని ప్రవక్త చెప్పినప్పుడు, ఆ రోజు ప్రార్థనలు ఎలా అని అనుచరులు అడిగారని, వేళలను అంచనా వేసుకోమని ఆయన బదులిచ్చారని హదీసు ఉంది. దాని ఆధారంగా ధ్రువ వాసులు దగ్గరి ఊళ్ల వేళలనో మక్కా వేళలనో పాటించవచ్చని ధర్మవేత్తలు తేల్చారు. నార్వేలోని ట్రోమ్సో ముస్లింలు మక్కా వేళలను పాటిస్తున్నారు. సూర్యుడు లేనంత మాత్రాన విధి పోదన్నది ఆ తీర్పు సారం. ఇక ప్రకృతి విషయంలో మనిషి యజమాని కాడు, ఖలీఫా; చేతిలో ఉన్నది అమానత్. పారే నది ఒడ్డున వజూ చేసుకునేటప్పుడు సైతం నీళ్లు వృథా చేయవద్దన్న బోధ, సమృద్ధి ఉన్నచోటే పొదుపుకు పరీక్ష అని చెబుతుంది.

పార్సీలకు నిప్పూ నీరూ నేలా మలినం కారాదు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క అమర శక్తి కాపలా. నిప్పును కొలిచే మతం ఆ నిప్పు పొగతో నీటిని, నేలను పాడుచేయకూడదన్నది ఆ ధర్మంలోనే ఇమిడి ఉంది. అబిడ్స్, సుల్తాన్ బజార్ ప్రాంతాల్లో దుకాణాలు నడిపే జైన కుటుంబాల శాస్త్రం అందరికన్నా ముందుకు పోయింది. నీటినే శరీరంగా గల జీవులున్నాయని, మంచు, వడగళ్లు, పొగమంచు వాటి రూపాలేనని జైనులు నమ్ముతారు. మిగతా మతాలన్నీ మంచు కరిగితే ఎవరికి నష్టమని అడిగితే, ఆ ఒక్క మతం మంచుకే నష్టమంటుంది. ఈ మాటను అక్షరాలా నమ్మని మనిషి కూడా దానిముందు ఒక్క నిమిషం ఆగాలి. గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్ కెథెడ్రల్ చెందిన కాథలిక్ సంఘానికి 2015లో పోప్ ఫ్రాన్సిస్ రాసిన లౌదాతో సీ లేఖ ధ్రువాల మంచు కరగడాన్ని పేరుపెట్టి ప్రస్తావించింది, భూమిని అందరి ఉమ్మడి ఇల్లు అంది.

మనది కానిదాన్ని మనమెందుకు కాపాడాలనే వాదానికి నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియమే జవాబు. అక్కడ ఈజిప్టు మమ్మీ ఒకటి ఉంది. ఆరో నిజాం అల్లుడు తెచ్చినదది. ఏడో నిజాం చేతుల మీదుగా మ్యూజియానికి చేరింది. ఆ మనిషి ఈ నేలది కాదు, ఈ మతాలలో దేనిదీ కాదు, ఇక్కడ ఎవరి వంశంలోనూ లేదు. అయినా శరీరం పాడవుతోందని తేలినప్పుడు 2016లో ఆక్సిజన్ చొరబడని పెట్టెలో భద్రపరిచారు. తప్పని ఎవరూ అనలేదు. రెండు వేల ఏళ్లు దాటిన దేహానికి ఇంత జాగ్రత్త న్యాయమైతే, ఎనిమిది లక్షల ఏళ్ల కిందటి గాలిని బుడగల్లో దాచుకున్న అంటార్కిటికా మంచుకు అంతకన్నా ఎక్కువ న్యాయమే.

ఈ బాధ్యతను ఒప్పుకోవడానికి రెండు బలమైన ఆక్షేపణలున్నాయి. ఒకటి, పేద దేశం ఎందుకు మోయాలన్నది. అమెరికా పౌరుడి వాటా ఏడాదికి 14 టన్నుల చుట్టూ ఉంటే, మన వాటా రెండు. పాత బాకీ లెక్కగడితే తేడా ఇంకా పెద్దది. ఇది న్యాయమైన వాదన, చర్చల్లో భారతదేశం దాన్ని వదలకూడదు. అయితే సగటు అనే మాట దేశంలోపలి తేడాలను దాస్తుంది. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాలు అమ్ముకునేవాడిని, రెండు కార్లూ నాలుగు ఏసీలూ ఉన్న ఇంటిని కలిపి తీసిన రెండు టన్నులవి. ఉన్నవాడు పేదవాడి నీడలో దాక్కోవడం ధర్మం కాదు.

రెండోది మరింత ఇబ్బంది పెట్టేది: పవిత్రమన్నంత మాత్రాన ఏదీ బతకలేదు. మూసీ పుట్టే అనంతగిరి తీర్థం. ముచుకుంద మహర్షి పేరు మీద మూసీకి ముచుకుందా నది అని పేరు. 1908 సెప్టెంబరు 28న నది పొంగి హైదరాబాద్‌ను ముంచి సుమారు 15 వేల మందిని బలిగొన్నప్పుడు నిజాం నదికి పూజ చేసి శాంతింపజేశాడని నగరం ఇప్పటికీ చెప్పుకుంటుంది. అదే నది నేడు నగరం దాటేసరికి మురుగు. పూజ ఉన్నచోట కాపాడటం ఉంటుందన్న భరోసా లేదు. కాబట్టి మేరువును దేవతల కొండ అనుకోవడం వల్ల దానికి ఒరిగేదేమీ లేదు. ఆ నమ్మకానికి ఒక్క ఉపయోగం ఉంది: అది ఉన్నవాళ్లకు, ధ్రువం మాకు సంబంధించినది కాదని అనే హక్కు లేదు.

ఆ సంబంధం ఇప్పుడు వానలోనూ కనిపిస్తోంది. ఆర్కిటిక్‌లోని కారా సముద్రంలో వేసవి మంచు తగ్గినప్పుడు, నైరుతి రుతుపవనాల చివర, ముఖ్యంగా సెప్టెంబరులో, మధ్య భారతంలో అతి భారీ వర్షాలకు అవకాశం పెరుగుతున్నట్టు గోవాలోని జాతీయ ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు విదేశీ సహచరులతో కలిసి 2021లో ప్రకటించారు. మూసీ వరద నాటికి ఆర్కిటిక్ మంచు దిట్టంగానే ఉంది, దానితో దీన్ని కలపకూడదు. కానీ సెప్టెంబరు చివరి వాన అంటే ఏమిటో ఈ నగరానికి చెప్పనవసరం లేదు.

భారతదేశం ధ్రువాలకు కొత్త కాదు. స్వాల్‌బార్డ్ దీవుల ఒప్పందంలో 1920లోనే బ్రిటిష్ పాలన కింద భాగస్వామి. ఆ దీవుల్లోని న్యూ ఓలెసుండ్‌లో 2008 నుంచి హిమాద్రి కేంద్రం నడుస్తోంది. అక్కడి ఫ్యోర్డ్ నీటిలో 2014లో దించిన పరిశీలన పరికరం తయారీలో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ పాలుపంచుకుంది. ఉప్పల్ దగ్గరి జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1997 నుంచి అంటార్కిటికాలోని మైత్రి కేంద్రంలో భూకంపాలను నమోదు చేస్తోంది. 2013లో ఆర్కిటిక్ కౌన్సిల్‌లో దేశానికి పరిశీలక హోదా దక్కింది. 2022 మార్చిలో వచ్చిన ఆర్కిటిక్ విధానం పరిశోధన, పర్యావరణ రక్షణల పక్కనే ఖనిజాలూ ఇంధనాలూ నౌకా మార్గాల అవకాశాలనూ పేర్కొంది. మంచు కరగడాన్ని ముప్పుగా చూసే చూపూ, తెరుచుకున్న దారిగా చూసే చూపూ ఒకే పత్రంలో ఉన్నాయి. రెంటిలో మొదటిదే ధర్మం. కరిగినచోట తవ్విన నూనెను కాల్చి మరింత కరిగించడం పంచసూనల లెక్కలో వంట కిందికి రాదు.

ధనుర్మాసం ముగిసి, సంక్రాంతి వెళ్లి, నుమాయిష్ ముగింపుకొచ్చాక కూడా ధ్రువం మీద చీకటే. మార్చి మూడో వారంలో అక్కడ దేవతల పగలు మొదలవుతుంది. శీతాకాలమంతా పెరిగిన సముద్రపు మంచు ఏడాదిలోకెల్లా విస్తారంగా ఉండే సమయమూ అదే. 2025లో ఆ గరిష్ఠ స్థితిని మార్చి 22న కొలిచారు. కోటీ 43 లక్షల 30 వేల చదరపు కిలోమీటర్లు. అప్పటిదాకా 47 ఏళ్ల ఉపగ్రహ నమోదులో ఏ శీతాకాలమూ అంత తక్కువ మంచుతో ముగియలేదు.